దారిలో చిక్కుకొనే మీటలు

చాలాకాలం ఒకే పనిముట్టుతో పనిచేసినవారికి ఆ పనిముట్టు చేతిలో భాగమైపోతుంది. హార్మోనియం వాయించే వ్యక్తి మెట్లను వెతుక్కోడు. టైపు బాగా నేర్చినవారు కీబోర్డు వైపు చూడరు. కంప్యూటరు మీద పది, పదిహేనేళ్ళపాటు ఒకే ప్రోగ్రాములో వ్రాతపని చేసినవారి సంగతీ ఇంతే. దస్త్రాన్ని భద్రపరచడానికి ఏ మీట, పాదసూచిక చేర్చడానికి ఏ రెండు మీటలు అన్నది వారు ఆలోచించి చెప్పలేకపోవచ్చును; వ్రేళ్ళకు మాత్రం తెలుసు. ఈ విధంగా ఒక పనిని ఒక్క దెబ్బతో చేయించే మీటల జోడింపులనే షార్ట్‌కట్లు అంటారు. మన మాటలో చెప్పుకుంటే దగ్గరి దారులు.

ఈ దగ్గరి దారులు ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా మూసుకుపోతాయి. 1990 ప్రాంతంలో ఇంటి పెద్దవారెవరో డాస్ కాలపు ప్రోగ్రాములో వ్రాసి పెట్టుకున్న పరిశోధన గ్రంథమో, ఆస్తి పత్రాల నకళ్ళో ఉన్నవనుకుందాం. వాటిని మరల తెరవవలసిన అవసరం వచ్చినది. 64 బిట్ల విండోస్ డాస్ ప్రోగ్రాములను స్వయంగా నడపదు. కనుక ఎమ్యులేటరు అనే సాధనాన్ని తెచ్చి, దానిలో పాత ప్రోగ్రామును నడిపారు. తెర వెలిగినది, దస్త్రం తెరుచుకున్నది. అందరూ సంతోషించారు. పెద్దవారు కుర్చీలో కూర్చుని అలవాటు చొప్పున రెండు మీటలు కలిపి నొక్కారు. జరగవలసినది జరగలేదు. ఇంకొకసారి నొక్కారు. ఈసారి కిటికీ మొత్తం మాయమైనది. అరగంటలో వ్రాసినదంతా పోయినది.

ఇటువంటి వేళ “పాత ప్రోగ్రాము పాడైపోయింది” అని గాని, “నాకే మరుపు వచ్చింది” అని గాని అనుకోవడం సహజం. సాధారణంగా ఆ రెండూ నిజం కావు. నొక్కిన మీట ఎక్కడికీ పోదు. దానిని దారిలో ఇంకెవరో అందుకొని తమ పనికి వాడుకుంటున్నారు. ఎవరు అందుకుంటున్నారో కనిపెట్టితే సగం పని అయినట్లే.

ముందుగా మీట నొక్కినప్పుడు ఏమి జరుగుతుందో చూద్దాం. 1981లో ఐ.బి.యం. సంస్థ పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినది. దాని కీబోర్డులో 83 మీటలు ఉండేవి. ఎఫ్1 మొదలు ఎఫ్10 వరకు గల పది మీటలు ఎడమవైపున రెండు నిలువు వరుసలుగా ఉండేవి. ఈ కీబోర్డుకు అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి సంఖ్యలే. ఇంగ్లీషు అక్షరమాలలో మొదటి అక్షరపు మీటను నొక్కితే అది 30 అనే సంఖ్యను పంపుతుంది. కంట్రోల్ మీటకు 29, ఆల్ట్ మీటకు 56, ఎఫ్9 మీటకు 67. మీటను వదిలినప్పుడు కూడా ఒక సంఖ్య వెళుతుంది. అది అదే సంఖ్యకు 128 కలిపినది. ఆల్ట్ నొక్కితే 56, వదిలితే 184. ఈ వదిలిన వార్తకు ఎంత ప్రాముఖ్యమున్నదో కొంచెం సేపటిలో తెలుస్తుంది.

ఈ సంఖ్యలను కంప్యూటరులోని బయాస్ అనే మూల ప్రోగ్రాము అందుకొని సంకేతాలుగా మార్చి ఒక చిన్న వరుసలో నిలబెడుతుంది. ఆ వరుసలో 15 మీటల వార్తలకు చోటుంటుంది. వ్రాతపని ప్రోగ్రాము ఆ వరుసలో నుంచి ఒక్కొక్కటే తీసుకుంటుంది. కంట్రోల్‌తో అక్షరాన్ని కలిపి నొక్కితే 1 నుండి 26 వరకు గల సంకేతాలలో ఒకటి వస్తుంది. ఎఫ్ మీటలకు, ఆల్ట్‌తో కలిపిన మీటలకు అక్షర సంకేతం లేదు. ముందు సున్న, వెనుక మీట సంఖ్య వస్తాయి. ఆనాటి వ్యవస్థ ఇంతే. మీటకూ ప్రోగ్రాముకూ నడుమ బయాస్ ఒక్కటే ప్రధానమైన మధ్యవర్తి. అడ్డుకొనేవారు అరుదు.

ఆ స్వేచ్ఛను ఆనాటి ప్రోగ్రాముల రచయితలు నిండుగా వాడుకున్నారు. 1970ల చివర వచ్చిన వర్డ్‌స్టార్ దీనికి మంచి ఉదాహరణ. ఆ కాలపు యంత్రాలు చాలావాటిలో బాణపు గుర్తుల మీటలు గాని, ఎఫ్ మీటలు గాని ఉండేవి కావు. అందువలన వర్డ్‌స్టార్ కంట్రోల్‌తో అక్షరాలను జోడించినది. కంట్రోల్‌తో ‘ఇ’ పైకి, ‘ఎక్స్’ క్రిందికి, ‘ఎస్’ ఎడమకు, ‘డి’ కుడికి. కీబోర్డు మీద చూస్తే ఈ నాలుగు అక్షరాలూ నాలుగు దిక్కులలోనే అమరి ఉంటాయి. నేర్చుకున్న తర్వాత చేతిని కదపకుండానే పుటంతా తిరిగి రావచ్చును. అమెరికా నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ వర్డ్‌స్టార్ 4 తోనే వ్రాస్తానని చెప్పుకున్నారు. కెనడా రచయిత రాబర్ట్ జె. సాయర్ 2024లో వర్డ్‌స్టార్ 7 ను, దానిని నడిపే ఎమ్యులేటర్లతో సహా, అందరికీ అందుబాటులోకి తెచ్చారు. వాడుకలో నుంచి పోయిన ప్రోగ్రామును ఇంత శ్రమపడి నిలుపుకొనడానికి మీటల అమరికలోని ఆ హాయి కూడా ఒక కారణం.

రెండవ ఉదాహరణ వర్డ్‌పర్‌ఫెక్ట్. దీనిలో 5.1 అనే రూపం 1989లో వచ్చి న్యాయవాదుల కార్యాలయాలలో, విశ్వవిద్యాలయాలలో విశేషంగా వ్యాపించినది. ఇది ఎఫ్ మీటల మీద ఆధారపడినది. ఒక్కొక్క ఎఫ్ మీటకు నాలుగేసి పనులు: ఊరకే నొక్కితే ఒకటి, షిఫ్ట్‌తో ఒకటి, ఆల్ట్‌తో ఒకటి, కంట్రోల్‌తో ఒకటి. వీటిని జ్ఞాపకం పెట్టుకొనేందుకు కీబోర్డు మీద ఒక పట్టీని అమర్చుకొనేవారు. ఆ పట్టీ మీద కంట్రోల్ పనులు ఎరుపులో, షిఫ్ట్ పనులు ఆకుపచ్చలో, ఆల్ట్ పనులు నీలంలో, ఒంటరి మీట పనులు నలుపులో అచ్చువేసి ఉండేవి. కొన్నాళ్ళకు పట్టీ అవసరం తీరిపోయేది. వ్రేళ్ళే పట్టీ అయ్యేవి.

ఇప్పుడు ఎమ్యులేటరు సంగతి. ఒక కంప్యూటరు లోపల మరొక కంప్యూటరు ఉన్నట్లుగా నడిపించే ప్రోగ్రామే ఎమ్యులేటరు. పాత ప్రోగ్రాము తాను 1980ల నాటి యంత్రంలోనే ఉన్నాననుకుంటుంది. దానికి కావలసిన బయాస్, తెర, కీబోర్డు, డిస్కు అన్నిటినీ ఎమ్యులేటరు నటించి చూపుతుంది. డాస్ ప్రోగ్రాములకు అందరూ ఎరిగిన ఎమ్యులేటరు డాస్‌బాక్స్. ఇది 2002లో మొదలైనది, ఉచితంగా దొరుకుతుంది. దీనిలో 0.74-3 అనే రూపం 2019లో వచ్చినది. దీనిని మాతృకగా తీసుకొని డాస్‌బాక్స్ ఎక్స్, డాస్‌బాక్స్ స్టేజింగ్ వంటివి కూడా బయలుదేరినవి.

ఒక్క విషయం గుర్తుంచుకోవలె. డాస్‌బాక్స్‌ను ప్రధానంగా పాత ఆటల కోసం నిర్మించారు. ఆటలాడేవారికి వేగం పెంచుకొనడం, తగ్గించుకొనడం, తెర బొమ్మ తీసుకొనడం, మౌసును కిటికీలో బంధించడం అవసరం. ఆట నడుస్తూ ఉండగానే ఇవన్నీ చేయడానికి డాస్‌బాక్స్ కొన్ని మీటల జోడింపులను తన కోసం అట్టే పెట్టుకున్నది. ఆటలలో కంట్రోల్‌తో ఎఫ్ మీటలు నొక్కవలసిన పని అంతగా రాదు కనుక వాటినే తీసుకున్నది. ఆటలవారికి ఇది సుఖంగానే ఉన్నది. కష్టం వచ్చినది వ్రాతపనివారికి.

వర్డ్‌పర్‌ఫెక్ట్ 5.1 లో కంట్రోల్‌తో పనిచేసే ఎఫ్ మీటలు పది. ఎఫ్1 నుండి ఎఫ్10 వరకు ఒక్కటీ ఖాళీ లేదు. వాటిలో ఎనిమిదింటిని డాస్‌బాక్స్ ముందుగానే అందుకుంటుంది. మిగిలినవి ఎఫ్2, ఎఫ్3 మాత్రమే. కంట్రోల్‌తో ఎఫ్7 నొక్కితే వర్డ్‌పర్‌ఫెక్ట్‌లో పాదసూచిక రావలె. డాస్‌బాక్స్ దానిని తెర బొమ్మలు వదిలిపెట్టే లెక్కను తగ్గించే ఆజ్ఞగా తీసుకుంటుంది. ఎఫ్8 నొక్కితే అక్షరాల రూపం మార్చే పట్టిక రావలె. దానికి బదులు ఆ వదిలిపెట్టే లెక్క పెరిగి, పదే పదే నొక్కిన కొద్దీ తెర కుంటుకుంటూ నడుస్తుంది. ఎఫ్5 నొక్కినవారికి దస్త్రాలను తెచ్చి పంపే పట్టిక రాదు. నొక్కినప్పుడల్లా ఒక తెర బొమ్మ తయారై ఎక్కడో చేరుతూ ఉంటుంది. ఎఫ్6 ధ్వనిని రికార్డు చేయడం మొదలుపెడుతుంది. ఎఫ్10 మౌసును కిటికీలో బంధిస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఎఫ్9. వర్డ్‌పర్‌ఫెక్ట్‌లో కంట్రోల్‌తో ఎఫ్9 ఎంతో ఉపయోగమైన జోడింపు. ఒకే ఉత్తరాన్ని వందమందికి పేర్లు మార్చి తయారుచేయడానికి, పట్టికలను అక్షరక్రమంలో పెట్టడానికి అదే ద్వారం. డాస్‌బాక్స్ 0.74 లో దాని అర్థం, “ఎమ్యులేటరును తక్షణం ఆపివేయుము.” ఆగబోతున్నానని హెచ్చరించదు, భద్రపరచమంటారా అని అడగదు. నడుస్తున్న యంత్రానికి విద్యుత్తు తీసివేసినట్లే. అందువలన ఈ సర్దుబాట్లకు దిగేముందు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, పాత దస్త్రాలకు వేరొకచోట నకలు తీసి ఉంచుకొనడం. రెండవది, అసలు దస్త్రంతో కాక ఒక ఉత్తుత్తి దస్త్రంతో పరీక్షలు చేయడం.

మీటను అందుకొనే స్థానాలు డాస్‌బాక్స్ ఒక్కటే కాదు. వరుసగా చెప్పుకుందాం. మొదటిది కీబోర్డే. ఒడి కంప్యూటర్లలో అనగా ల్యాప్‌టాప్‌లలో, ఎఫ్ మీటలకు తెర వెలుగు, శబ్దం పెంచడం తగ్గించడం వంటి పనులు అప్పగించి ఉంటారు. ఎఫ్ మీట నొక్కితే శబ్దం తగ్గినదంటే ఆ వార్త ఎమ్యులేటరు దాకా వెళ్ళనే లేదు. రెండవ స్థానం ఆతిథేయ వ్యవస్థ. ఎమ్యులేటరుకు ఆశ్రయమిచ్చే విండోస్, మాక్, లినక్స్ మొదలైనవి అన్నమాట. మూడవది ఎమ్యులేటరు. నాలుగవది ఎమ్యులేటరు లోపలి బయాస్, డాస్. అయిదవది పాత ప్రోగ్రాము. ఉత్తరం మన చేతి నుంచి చేరవలసిన ఇంటికి వెళ్ళేలోపల ఇన్ని చేతులు మారుతున్నది.

ఏ చేతిలో ఆగినదో తెలుసుకొనడానికి లక్షణాన్ని బట్టి పోవడమే మంచి పద్ధతి. ముందుగా ప్రోగ్రాము క్షేమంగా ఉన్నదో లేదో చూడవలె. వర్డ్‌పర్‌ఫెక్ట్ 5.1 లో ఆల్ట్‌తో సమాన చిహ్నపు మీటను నొక్కితే పైన పట్టికలు తెరుచుకుంటాయి. ఆ పట్టికలో నుంచి పాదసూచికను ఎన్నుకుంటే సరిగా వచ్చి, మీటలు నొక్కితే రాకపోయినదంటే ప్రోగ్రాములో దోషం లేదు. దోషం దారిలో ఉన్నది. తర్వాత, రావలసినదానికి బదులు ఏమి జరిగినదో గమనించవలె. ఎమ్యులేటరు కిటికీ ఒక్కసారిగా మూసుకుపోతే ఎమ్యులేటరును గాని, ఆతిథేయ వ్యవస్థను గాని అనుమానించవచ్చు. ఎమ్యులేటరుతో సంబంధం లేని కొత్త పెట్టె ఏదైనా తెర మీదికి వస్తే అది ఆతిథేయ వ్యవస్థ పని. శబ్దమో వెలుగో మారితే కీబోర్డు. వేరొక అక్షరం పడితే కీబోర్డు అమరిక. మామూలు అక్షరం నొక్కితే ఆజ్ఞగా మారి ఏదో పట్టిక తెరుచుకుంటే, ఆల్ట్ గాని కంట్రోల్ గాని నొక్కినట్లే నిలిచిపోయినదని అర్థం.

ఈ చివరి లక్షణం చాలామందిని బెదిరిస్తుంది; కారణం మాత్రం చిన్నది. ఆల్ట్‌ను, ట్యాబ్‌ను కలిపి నొక్కి వేరొక కిటికీకి వెళ్ళామనుకోండి. ఆల్ట్ నొక్కిన వార్త, అనగా 56, ఎమ్యులేటరుకు అందినది. మనం ఆల్ట్ వదిలే సమయానికి వేరే కిటికీలో ఉన్నాము. కనుక 184 అనే వదిలిన వార్త ఎమ్యులేటరుకు అందకుండా పోవచ్చు. అప్పుడు మనం తిరిగి వచ్చినా పాత ప్రోగ్రాము దృష్టిలో ఆల్ట్ ఇంకా నొక్కియే ఉన్నది. ప్రతి అక్షరమూ ఆజ్ఞగా మారుతుంది. దీనికి మందు సులభం. ఆల్ట్, కంట్రోల్, షిఫ్ట్ మీటలను ఒక్కొక్కసారి నొక్కి వదిలితే సరిపోతుంది.

డాస్‌బాక్స్ పట్టుకున్న మీటలను విడిపించడం కూడా కష్టం కాదు. డాస్‌బాక్స్ నడుస్తూ ఉండగా కంట్రోల్‌తో ఎఫ్1 నొక్కితే మ్యాపర్ అనే తెర వస్తుంది. దాని మీద కీబోర్డు బొమ్మ ఉంటుంది. బొమ్మకు క్రిందుగా డాస్‌బాక్స్ తన కోసం ఉంచుకున్న పనుల పేర్లు చిన్న చిన్న పెట్టెలుగా ఉంటాయి. వాటిలో ‘షట్‌డౌన్’ అన్నదానిని మౌసుతో నొక్కితే, దానికి ఏ మీట కట్టబడి ఉన్నదో అడుగున కనిపిస్తుంది. అక్కడ ‘డెల్’ అనే పెట్టెను నొక్కితే ఆ బంధం తెగిపోతుంది. అటుపిమ్మట ‘సేవ్’ నొక్కి, ‘ఎగ్జిట్’ నొక్కి బయటికి రావలె. ఇక కంట్రోల్‌తో ఎఫ్9 నొక్కినప్పుడు డాస్‌బాక్స్ ఆగిపోదు; మీట నేరుగా వర్డ్‌పర్‌ఫెక్ట్‌కు చేరుతుంది. తక్కిన ఏడింటినీ ఇదే విధంగా విడిపించవచ్చు. సేవ్ చేయడం మరచితే మరునాడు కథ మొదటికి వస్తుంది.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. కంట్రోల్‌తో ఎఫ్1 ను కూడా విడిపిస్తే మ్యాపర్‌ను మరల తెరవడం ఎట్లాగ? డాస్‌బాక్స్‌ను ప్రారంభించే ఆజ్ఞ చివర ‘స్టార్ట్‌మ్యాపర్’ అనే మాటను ముందొక చిన్న గీతతో చేర్చితే ప్రారంభంలోనే మ్యాపర్ తెర వస్తుంది. మార్పులు కలగాపులగమైపోతే ‘రీసెట్‌మ్యాపర్’ అని చేర్చినట్లయితే మన మార్పులు తొలగి మొదటి అమరిక తిరిగి వస్తుంది. కనుక నిర్భయంగా ప్రయత్నించవచ్చు. ఇతర డాస్‌బాక్స్ రూపాలలో మీటల కేటాయింపు కొంత వేరు. అయినా విడిపించే సూత్రం ఒక్కటే. ఈ సర్దుబాటు అంతా వద్దనుకునేవారికి వ్రాతపని, లెక్కల ప్రోగ్రాముల కోసమే రూపొందిన వీడాస్ వంటి ఎమ్యులేటర్లు కూడా ఉన్నవి.

ఆతిథేయ వ్యవస్థ పట్టుకొనే మీటలకు వేరే ఉపాయం కావలె. వర్డ్‌పర్‌ఫెక్ట్‌లో ఆల్ట్‌తో ఎఫ్4 అంటే పాఠంలో కొంత భాగాన్ని గుర్తుపెట్టడం. నేటి వ్యవస్థలలో అదే జోడింపు కిటికీని మూసే ఆజ్ఞ. లినక్స్‌లో గ్నోమ్ వంటి వాతావరణంలో ఆల్ట్‌తో ఎఫ్2 ఒక ఆజ్ఞల పెట్టెను తెరుస్తుంది. వర్డ్‌పర్‌ఫెక్ట్‌కు అది ఒక మాటకు బదులు మరొక మాటను పెట్టే సాధనం. ఆతిథేయ వ్యవస్థలోని కీబోర్డు సర్దుబాట్లలో ఈ జోడింపులను తొలగించడానికి చాలాచోట్ల వీలున్నది. వీలులేనిచోట పాత ప్రోగ్రామే ఒక ప్రక్కదారి చూపుతుంది. 1980ల నడుమ వచ్చిన 101 మీటల కీబోర్డులో ఎఫ్11, ఎఫ్12 కొత్తగా చేరినవి. వర్డ్‌పర్‌ఫెక్ట్ 5.1 లో ఎఫ్12 కూడా ఆల్ట్‌తో ఎఫ్4 చేసే పనినే చేస్తుంది; ఎఫ్11 ఆల్ట్‌తో ఎఫ్3 చేసే పనిని, అనగా పాఠంలో దాగిన సంకేతాలను చూపే పనిని చేస్తుంది. ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ మీటలను మామూలు మీటలుగా మార్చే సర్దుబాటు ఉంటుంది. మాక్‌లో అది కీబోర్డు సెట్టింగులలో కనబడుతుంది. అంతవరకు ఎఫ్ఎన్ అనే మీటను కలిపి నొక్కవచ్చు.

వర్డ్‌స్టార్ అభిమానులకు ఇంకొక చిక్కు ఉన్నది. ఆ ప్రోగ్రాము పుట్టిన కాలంలో కంట్రోల్ మీట మొదటి అక్షరపు మీటకు ఎడమ ప్రక్కనే ఉండేది. 101 మీటల కీబోర్డులో అది అడుగు మూలకు పోయి, దాని చోటును క్యాప్స్‌లాక్ ఆక్రమించినది. చిటికెన వ్రేలు చాచినప్పుడల్లా అక్షరాలన్నీ పెద్దవిగా మారుతూ ఉంటే వ్రాతపని సాగదు. క్యాప్స్‌లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకొనడమే దీనికి పరిష్కారం. ఈ మార్పును ఎమ్యులేటరులో కాక ఆతిథేయ వ్యవస్థలోనే చేసుకొనడం మేలు. మాక్‌లోను, లినక్స్‌లోను ఇందుకు సర్దుబాట్లున్నవి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వారి పవర్‌టాయ్స్ అనే ఉచిత ఉపకరణం ఈ పని చేస్తుంది.

తెలుగువారి కంప్యూటర్లలో ప్రత్యేకంగా చూడవలసినది ఒకటి ఉన్నది. విండోస్‌లో ఇంగ్లీషు కీబోర్డుతోపాటు తెలుగు కీబోర్డును కూడా అమర్చుకున్నవారికి, ఎడమ ఆల్ట్‌ను, షిఫ్ట్‌ను కలిపి నొక్కితే భాష మారేటట్లు అమర్చి ఉండవచ్చు. పాత ప్రోగ్రాములో ఏదో పనికై ఆ రెండూ తగిలినప్పుడు తెలియకుండానే కీబోర్డు తెలుగులోకి మారిపోతుంది. కొన్ని ఎమ్యులేటర్లు మీట స్థానాన్ని చూస్తాయి. వాటికి దీనివల్ల బాధ లేదు. కొన్ని ఆతిథేయ వ్యవస్థ ఇచ్చిన అక్షరాన్ని చూస్తాయి. ‘క’ అనే అక్షరంతో ఏమి చేయవలెనో డాస్‌కు తెలియదు. అప్పుడు కంట్రోల్ జోడింపులన్నీ మూగబోతాయి. ఎమ్యులేటరును నిందించేముందు తెర మూలలో భాష గుర్తును ఒక్కసారి చూడవలె. భాష మార్చే మీటలను వేరే జోడింపుకు బదలాయించుకుంటే ఇంకా మంచిది.

మన ముద్రణ రంగానికి సంబంధించినది మరొకటి. 1990ల నుంచి తెలుగు పుస్తకాలు ఎన్నో పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని ఖతులతో కూర్చబడినవి. ఆ దస్త్రాలను నేడు తెరవడానికి కొందరు వర్చువల్‌బాక్స్ వంటి సాధనంలో పాత విండోస్‌ను నడుపుతారు. వర్చువల్‌బాక్స్ కుడివైపు కంట్రోల్ మీటను తన సొంత మీటగా ఉంచుకున్నది. కుడి కంట్రోల్‌తో ఏ అక్షరాన్ని నొక్కినా ఆ ఆజ్ఞ పేజ్‌మేకర్‌కు పోదు, వర్చువల్‌బాక్స్‌కు పోతుంది. ఎడమ కంట్రోల్‌ను వాడవచ్చు. లేదా దాని సర్దుబాట్లలో సొంత మీటను మార్చివేయవచ్చు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడింటినీ లోపలి విండోస్‌కు పంపవలసి వచ్చినప్పుడు ఆ సొంత మీటతో డిలీట్ నొక్కితే చాలును.

వెబ్ బ్రౌజరులోనే పాత ప్రోగ్రాములను నడిపే ఏర్పాట్లు కూడా ఉన్నవి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2015 నుంచి డాస్ ప్రోగ్రాములను అట్లాగ చూపుతున్నది. చూచి ఆనందించడానికి ఇది ఎంతో బాగున్నది. వ్రాతపనికి మాత్రం పనికిరాదు. వర్డ్‌స్టార్‌లో కంట్రోల్‌తో ‘డబ్ల్యూ’ పాఠాన్ని ఒక పంక్తి జరుపుతుంది. బ్రౌజరులో అది పుటను మూసివేస్తుంది. కంట్రోల్‌తో ‘టి’ ఒక మాటను చెరుపుతుంది. బ్రౌజరు కొత్త పుటను తెరుస్తుంది. బ్రౌజరు తన మీటలను సాధారణంగా వదలదు. కనుక దాచుకోవలసిన పని ఏదైనా ఉన్నవారు ఎమ్యులేటరును తమ యంత్రంలోనే స్థాపించుకోవలె.

ఇన్ని ఉపాయాలలో దేనిని ముందు పట్టుకోవలెనన్న ప్రశ్న మిగిలినది. ఇద్దరికి ఒకే మీట కావలసి వచ్చినప్పుడు తర్వాత వచ్చినవారు తప్పుకొనడం న్యాయం. ఎమ్యులేటరు అన్నిటికన్నా తర్వాత వచ్చినది. దాని మీటలు మార్చినందువల్ల ఎవరి అలవాటూ చెడదు. కనుక మొదట ఎమ్యులేటరు చేత మీటలను వదిలించవలె. అది చాలకపోతే ఆతిథేయ వ్యవస్థ సర్దుబాట్లను చూడవలె. వర్డ్‌పర్‌ఫెక్ట్ వంటి ప్రోగ్రాములలో ప్రోగ్రాము మీటలనే మార్చుకొనే సౌకర్యం కూడా ఉన్నది. షిఫ్ట్‌తో ఎఫ్1 నొక్కితే దొరుకుతుంది. దానిని చిట్టచివరకే వాడవలె. ఎందుకనగా ఆ ప్రోగ్రాముపై వచ్చిన పుస్తకాలు, కీబోర్డు మీది రంగుల పట్టీ, ఆనాడు ఎవరో కాగితం మీద వ్రాసి ఇచ్చిన సూచనలు, అన్నీ అసలు మీటలనే చెబుతాయి. వాటిని మార్చితే ఆ సమాచారమంతా అబద్ధమైపోతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, ఇరవై ఏళ్ళు ఒక దారికి అలవాటుపడిన పెద్దల చేతిని “కొత్త దారి నేర్చుకో” అని నిర్బంధించినట్లవుతుంది.

పాత దస్త్రాన్ని కొత్త ప్రోగ్రాములోకి మార్చుకుంటే పోదా అని కొందరంటారు. చదువుకొనడానికి మాత్రమే అయితే మార్చుకొనవచ్చు. మార్పిడిలో పాదసూచికలు, పట్టికలు, దాగిన సంకేతాలు కొన్ని చెదరిపోయే అవకాశమున్నది. ఏది చెదిరినదో సరిచూచుకొనడానికి అసలు ప్రోగ్రాము కావలె. దానిని వేగంగా నడపగల చేయి కావలె. ఆ చేయి ఇంకా మన ఇళ్ళలో ఉన్నది. ఇంట్లో పాత దస్త్రాలు గల పిల్లలు ఒక సాయంకాలం వెచ్చించి ఎమ్యులేటరును స్థాపించి, మీటల చిక్కు విడదీసి ఇవ్వవచ్చును. ఏయే మీటలను విడిపించారో ఒక కాగితం మీద వ్రాసి ఆ యంత్రం ప్రక్కనే ఉంచవలె. అటుపిమ్మట పెద్దవారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, కంట్రోల్‌తో ఎఫ్7 నొక్కమనవలె. తెర మీద పాదసూచిక పట్టిక కనబడితే చాలు. మిగిలినది వారి వ్రేళ్ళకు తెలుసు.